ఒకటో పుస్తకం వాళ్ళు, నాలుగో పుస్తకం వాళ్ళు

మా సందులో ఆడవాళ్ళ తలలు ఇద్దరి మధ్య పంపకమై ఉండేవి. కొన్ని లియెన్‌చూవి, కొన్ని బీలాన్‌వి. ఇద్దరి పార్లర్లూ ఎదురెదురుగా ఉండేవి. మధ్యలో రెండు స్కూటర్లు పక్కపక్కన పట్టేంత దారి. నేను లియెన్‌చూ వైపు మనిషిని. సందు మొదట్లో సోయా పాల దుకాణం నాది. తెల్లారకముందే తెరిచి, ఎండెక్కే వేళకి మూసేసేదాన్ని. ఎండెక్కే వేళ అని అలవాటుగా అన్నాను గానీ, మా కీలుంగ్ రేవులో ఎండ ఎక్కడిది. ఏడాదిలో ఎక్కువ రోజులు వానే. ఇంట్లో తలంటుకున్న జుట్టు సాయంత్రానికైనా ఆరదు. అందుకే మా ఊళ్ళో పార్లర్లు ఎప్పుడూ ఖాళీగా ఉండవు.

లియెన్‌చూ అప్పటికి అరవైకి దగ్గర పడుతోంది. పొట్టి మనిషి, దిట్టమైన చేతులు. మనల్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, పొడి జుట్టు మీదే షాంపూ వేసి, కొంచెం కొంచెంగా నీళ్ళు చిలకరిస్తూ నురగ తీసేది. మెడ మీదకి ఒక్క చుక్క జారేది కాదు. ఆ చేతుల కింద నిద్ర రాని మనిషిని నేను చూడలేదు. మాట మాత్రం తక్కువ. మేమంతా వాగుతూ ఉంటే వింటూ నవ్వేది, అంతే. ప్రాథమిక బడితోనే చదువు మానేసి, అప్పట్లో ఇదే పార్లర్ నడిపే హోంగ్ గారి దగ్గర పని నేర్చుకోవడానికి చేరింది. అదే నెలలో బీలాన్ కూడా అక్కడే చేరింది. ఇద్దరూ వెనక గదిలో ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు, ఒకే గిన్నెలో నూడుల్స్ తినేవాళ్ళు, ఒకళ్ళ జుట్టు మీద ఒకళ్ళు కత్తెర పట్టడం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళనే జనం అనుకునేవారట.

హోంగ్ గారు పెద్దదై, కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ పార్లర్‌ని లియెన్‌చూ చేతిలో పెట్టింది. బీలాన్ బట్టలు సర్దుకుని వెళ్ళి, ఆ ఏడాదే ఎదురుగా తన పార్లర్ తెరిచింది. అప్పటినుంచి వాళ్ళ మధ్య మాటలు రెండే. ఒకరు "తిన్నావా" అంటే ఇంకొకరు "తిన్నా" అనేవారు. అవి కూడా సాయంత్రం చెత్త బండి వచ్చినప్పుడు. బండి పాట వినపడగానే సందంతా సంచులు పట్టుకుని బయటికి వస్తుంది కదా, అప్పుడు మొహం చాటేయడం కుదరదు.

లియెన్‌చూకి అరవై దగ్గర పడిన ఆ ఏడు టీవీలో 'నీడలు కొనే ఊరు' అని ఒక సీరియల్ వచ్చింది. కిందనుంచి కొండ మీదకి పారే ఉప్పునది, దాని ఒడ్డున మనుషుల నీడలు కొనే వ్యాపారులు, గురువు ప్రాణం కోసం తన నీడ అమ్ముకున్న యున్‌హే అనే పిల్ల. ఆ పిల్లని నది దాటించిన ముసలి పడవవాడిని మేమంతా పడవ తాత అనేవాళ్ళం. సీరియల్ వచ్చే గంటలో లియెన్‌చూ డ్రయ్యర్ పెట్టేది కాదు. మాటలు వినపడవని. తలకి నురగతో, రంగుతో, క్లిప్పులతో ఎవరు ఎలా ఉన్నవాళ్ళు అలాగే కూర్చుని చూసేవాళ్ళం. పడవ తాత బాణాలు తగిలి నదిలో పడిపోయిన రోజున చేపల దుకాణం హ్వీ ఏడ్చిన ఏడుపుకి, కనుబొమలకి వేసిన రంగు కారి చెంపల మీదకి వచ్చింది. హ్వీ నోరు పెద్దది, మనసు అంతకంటే మెత్తన.

చివరి రోజున యున్‌హే రాతి గుమ్మంలోకి అడుగు పెట్టింది. గుమ్మం మూసుకుంది. తెర మీద పేర్లు పడ్డాయి. రేపటినుంచి ఇదే సమయానికి వంటల కార్యక్రమం అని చెప్పారు. మేము ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. గుమ్మం అవతల ఏముంది, నీడ తిరిగి వస్తుందా రాదా, ఏమీ తేల్చకుండా వంటలేమిటని హ్వీ టీవీని తిట్టింది. ఈ కథకి పుస్తకాలున్నాయని, పన్నెండు సంపుటాలని, ఖూ గారి అద్దె పుస్తకాల దుకాణంలో అన్నీ చూశానని నేనే చెప్పాను. లియెన్‌చూ తువ్వాలు మడత పెడుతూ విన్నది. మర్నాడు మధ్యాహ్నం మాత్రం గొడుగు తీసుకుని, నన్ను తోడు రమ్మంది.

ఖూ గారు ఓడల్లో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన దుకాణంలో పైకప్పు దాకా పుస్తకాలే. దుకాణంలో ఉన్న ప్రతి పుస్తకం చదివినవాడని పేరు. చదవని పుస్తకం అద్దెకివ్వడం కల్తీ సరుకు అమ్మడంతో సమానం అనేవాడు. లియెన్‌చూ విషయం చెప్పగానే ఆయన నిచ్చెన వైపు నడిచాడు.

"మొదటిది తీసుకో."

"మొదటిది నాకెందుకు పెద్దన్నా? కథంతా కళ్ళారా చూశాను. గుమ్మం మూసుకున్నాక ఏమైందో అది కావాలి నాకు."

"అది నాలుగో దాంట్లో ఉంది. కానీ నువ్వు చూసింది వాళ్ళు తీసిన కథ. ఇది రాసిన కథ. రెండూ ఒకటే అనుకుని నడిచావంటే మధ్యలో ఎక్కడో కాలు జారుతుంది."

"జారితే లేస్తాను. నాలుగోదే ఇవ్వండి."

ఆయన భుజాలు ఎగరేసి నాలుగో సంపుటం తీసి బల్ల మీద పెట్టాడు. లియెన్‌చూ దాని మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే బీలాన్ గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. మమ్మల్ని చూడకుండానే, టీవీలో కథ ఆగిన చోటునుంచి ఉన్న పుస్తకం కావాలని అడిగేసింది. ఆ తర్వాత చూసింది. ఉన్నది ఒక్కటే ప్రతి అని ఖూ గారి మొహం చూస్తేనే తెలిసిపోతోంది.

లియెన్‌చూ పుస్తకం మీదనుంచి చెయ్యి తీసేసింది.

"ఆవిడకే ఇవ్వండి. చదవడం తెలిసినవాళ్ళు ఒకటో పుస్తకం నుంచి చదువుతారు" అంది.

ఖూ గారు ఆవిడ వైపు ఒక్క క్షణం చూశాడు. నవ్వు ఆపుకోవడానికేమో, వెంటనే నిచ్చెన ఎక్కాడు. ఆ విధంగా లియెన్‌చూ, కేవలం బీలాన్ ముందు తగ్గడం ఇష్టం లేక, మొదటి సంపుటం చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చింది.

మొదటి వారం ఆమె పడ్డ అవస్థ నాకొక్కదానికే తెలుసు. బడి మానేశాక సరుకు డబ్బాల మీద రాతలు, కరెంటు బిల్లు తప్ప ఆమె ఏమీ చదవలేదు. ఆ పుస్తకమేమో ఉప్పునది ఎందుకు పైకి పారుతుందో, ఏ రాజు ఏ రాజుని చంపాడో అనే దాంతో మొదలైంది. యున్‌హే ఊసే లేదు. మధ్యాహ్నం పని లేని వేళ పార్లర్ కుర్చీలోనే కూర్చుని, వేలు పెట్టుకుని చదివేది. పేజీ తిప్పినప్పుడల్లా నిట్టూర్చేది. నాలుగోది పట్టుకొచ్చేసి ఉంటే ఈపాటికి గుమ్మం దాటేదాన్ని కదా అని ఒకసారి నా చెవిలో గొణిగింది. కానీ ఎదురుగా అద్దాల తలుపు వెనక బీలాన్ తన ఖాతాదారులకి పుస్తకం చదివి వినిపించడం మాకు కనిపిస్తూనే ఉంది. ఇక వెనక్కి పోవడం ఎలా.

"మాకూ చదవొచ్చు కదా" అంది హ్వీ ఒకరోజు.

లియెన్‌చూ చదివింది. అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు, బడి భాషలో, బళ్ళో పిల్లలు అప్పజెప్పినట్టు. పెద్ద డ్రయ్యర్ కింద కూర్చున్న ఇద్దరు గురకపెట్టారు. హ్వీ కూడా కాసేపు ఓపిక పట్టి, తర్వాత చెయ్యి ఎత్తింది.

"అక్కా, నువ్వు ఇలా వార్తలు చదివినట్టు చదివితే నాకు చేపల లెక్కలు గుర్తొస్తున్నాయి. నువ్వు చదువుకో. చదివింది మన మాటల్లో చెప్పు."

దాంతో పద్ధతి మారింది. లియెన్‌చూ ఒక భాగం ముందే చదివి పెట్టుకునేది. మర్నాడు ఎవరి తల చేతిలో ఉంటే ఆ తల మీద నురగ తీస్తూ, మేము ఇంట్లో మాట్లాడుకునే భాషలో ఆ భాగం చెప్పేది. ఇన్నేళ్ళూ మేము వాగుతుంటే నవ్వి ఊరుకున్న మనిషిలో ఇంత కథ ఉందని ఎవరికి తెలుసు. రాజులు మా రేవు కూలీల్లా తిట్టుకునేవాళ్ళు. నీడల వ్యాపారి మా పాత ఇంటి యజమానిలా దగ్గేవాడు. భయం వేసే చోట ఆమె వేళ్ళు మన తల మీద ఆగిపోయేవి. ఆ ఆగడంతో కుర్చీలో ఉన్న మనిషికి ఒళ్ళు ఝల్లుమనేది. ఆ కుర్చీ కోసం మాలో మాకు పోటీ మొదలైంది. మురికి లేని జుట్టు కూడా కడిగించుకున్నాం.

పైగా పుస్తకంలో యున్‌హే టీవీలో ఉన్నట్టు లేదు. టీవీ పిల్ల ఏడిస్తే కూడా అందంగా ఉండేది. ఈ పిల్లకి ముందు పళ్ళ మధ్య సందు ఉంది. ఆకలి ఎక్కువ. ఎక్కడికి వెళ్ళినా మొదట వంటింటి వాసన చూస్తుంది. అబద్ధం ఆడితే ఎక్కిళ్ళు వస్తాయి. అది తెలిసిన రోజున హ్వీ, ఈ పిల్ల అయితే నా కోడలిగా పనికొస్తుందని ఒప్పుకుంది. రెండో సంపుటంలో టీవీ వాళ్ళు అసలు చూపించని లాంతర్ల పిల్ల వచ్చింది. మాట రాని పిల్ల. నీడ లేని మనిషి చలికాలంలో గడ్డకట్టి చనిపోతుందని తెలిసి, ఆ పిల్ల ఒక రాత్రికి తన నీడని దుప్పటిలా విప్పి యున్‌హే మీద కప్పింది. తెల్లారేసరికి నీడలో సగం యున్‌హేకి అతుక్కుపోయి ఉంది. లాంతర్ల పిల్ల మిగిలిన సగంతో, కుంటుతూ, నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ భాగం చెప్పిన రోజున మెట్ల మీద చిన్న చప్పుడైంది. చూస్తే లియెన్‌చూ భర్త సెంగ్. రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, నోట్లోంచి మాట రాలడం అరుదు. ఒళ్ళో వెదురు మొలకలు పెట్టుకుని కూర్చున్నాడు. వాటి తొక్క తీయడం ఎప్పుడో మానేసి ముక్కు తుడుచుకుంటున్నాడు.

ఇలా సందు రెండుగా చీలింది. మేము ఒకటో పుస్తకం వాళ్ళం. ఎదుటివాళ్ళు నాలుగో పుస్తకం వాళ్ళు. వాళ్ళు మమ్మల్ని చూసి, ఇంకా గుమ్మం దాకా రాలేదా, కాళ్ళు నొప్పులా అనేవాళ్ళు. మేము వాళ్ళని, తల లేకుండా మొండెం చదువుతున్నారని అనేవాళ్ళం. మొగవాళ్ళకి ఇదో వినోదం. ఖూ గారు మాత్రం రెండు వైపులా సంపుటాలు ఇస్తూ, ఎవరు ఎంతదాకా వచ్చారో పైకి చెప్పకుండా, తనలో తాను నవ్వుకునేవాడు.

ప్రమాదం చెత్త బండి దగ్గర జరిగింది. ఏడో నెల, సందులో అందరూ ఇంటి ముందు బల్లలు వేసి పోయిన పెద్దలకి పళ్ళూ పిండివంటలూ పెట్టిన రోజులు. బండి కోసం నిలబడి ఉండగా నాలుగో పుస్తకం వాళ్ళలో ఒకావిడ పక్కావిడతో మామూలుగా అంది, పడవ తాత చేపలు భలే వేయిస్తాడు కదా అని.

హ్వీ చేతిలో సంచి కింద పెట్టింది.

"ఏ పడవ తాత?"

ఆవిడ నోరు మూసుకుంది. అప్పటికే ఆలస్యమైంది. పుస్తకంలో పడవ తాత చనిపోలేదు. మూడో సంపుటం చివర ఒక చెయ్యి పోగొట్టుకుని బతికాడు. నాలుగో సంపుటం మొదటి పేజీలోనే నది ఒడ్డున చేపలు వేయిస్తూ కనిపిస్తాడు. చంపింది టీవీ వాళ్ళు. ఈ మాట వినగానే హ్వీకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తాత బతికున్నందుకు సంతోషమే, కానీ ఆ సంగతి మేము మా అంతట మేము తెలుసుకోవలసింది, ఇలా చెత్త సంచుల మధ్య కాదు. ఆవిడని పట్టుకుని తిట్టింది. ఆవిడా తిరిగి తిట్టింది. బండి పాట పాడుకుంటూ వచ్చి, ఆగి, మా సంచులేవీ ఎక్కకుండానే వెళ్ళిపోయింది. ఆ రాత్రి సందంతా చేపల కంపు.

మర్నాడు లియెన్‌చూ, బీలాన్ ఇద్దరూ గుమ్మాల్లోకి వచ్చారు. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి తిన్నావా అనే మాట దాటి మాట్లాడుకున్నారు. బండి దగ్గర కథ ఊసు ఎత్తకూడదు, ఎవరి ఖాతాదారుల నోళ్ళు వాళ్ళే అదుపులో పెట్టుకోవాలి అని. ఇద్దరూ దేశాల మధ్య సంధి కుదుర్చుకున్నంత గంభీరంగా మాట్లాడారు. మాటలయ్యాక ఇద్దరూ కాసేపు అక్కడే నిలబడ్డారు. ఇంకేదైనా అనుకుంటారేమోనని నేను పాల గిన్నె కడుగుతూ చూస్తున్నాను. ఎవరి లోపలికి వాళ్ళు వెళ్ళిపోయారు.

చలికాలం మొదలయ్యేసరికి మేము నాలుగో సంపుటంలో ఉన్నాం. పడవ తాత చేపలు వేయించే పేజీ వచ్చిన రోజున హ్వీ నిజంగానే చేపలు వేయించి తెచ్చింది. బీలాన్ వాళ్ళేమో ఏడోదానికి వెళ్ళిపోయారు. అక్కడే వాళ్ళ బండి దిగబడింది.

సంగతి ఏమిటంటే, ఏడో సంపుటంలో ఉప్పునది రాజ్యానికి కొత్త రాణి వస్తుంది. ముసుగు తీయదు, మాట్లాడదు. యున్‌హే ఆమె ఎదుటికి వెళ్ళి, ఎవరికీ తలవంచని పిల్ల, ఒక్కసారిగా మోకాళ్ళ మీద కూలబడి ఆమె పాదాలు పట్టుకుని ఏడుస్తుంది. రచయిత అక్కడ ఒక్క ముక్క కూడా విడమర్చి చెప్పలేదు. చదివేవాళ్ళకి తెలుసు అనుకున్నాడు. బీలాన్ కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ, ఎవరీవిడ, ఎందుకు ఏడుస్తోంది అని అడిగారు. బీలాన్ పరువు కోసం, ఆవిడ పడవ తాత కూతురని చెప్పేసింది. తర్వాతి భాగంలోనే పడవ తాత వచ్చి రాణిగారికి పరిచయం చేసుకున్నాడు, మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదని. పార్లరంతా నవ్వింది. తర్వాత రాణి యున్‌హేకి సొంత చెల్లెలంది. అదీ నిలవలేదు. చివరికి, తిన్నగా అర్థమయ్యే కథ కావాలంటే ఎదురింటికి పోవాలేమోనని ఒకావిడ పైకే అనేసిందట. అన్నావిడే రాణి సంగతితో సహా ఆ మాట మాకు చేరేసింది.

బీలాన్ ఖూ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన చదివినవాడే, ఒక్క మాటలో చెప్పగలడు. చెప్పలేదు.

"రెండో సంపుటంలో ఉంది" అన్నాడట. "అది లియెన్‌చూ దగ్గరే ఉంది. తనకి నచ్చిందని ఇంకా తిరిగి ఇవ్వలేదు."

మర్నాడు మధ్యాహ్నం జోరున వాన. పార్లర్‌లో నేనూ లియెన్‌చూ తప్ప ఎవరూ లేరు. తలుపు తోసుకుని బీలాన్ వచ్చింది. తడిసిన చెప్పులు గుమ్మం బయటే విడిచింది. అద్దంలో లియెన్‌చూ మొహం చూస్తూ మాట్లాడింది, సూటిగా చూడకుండా.

"ఖాళీగా ఉంటే తలంటుతావా?"

"నీ పార్లర్‌లో నీళ్ళు రావడం లేదా?"

"నా తల నేను కడుక్కోలేను కదే."

లియెన్‌చూ కుర్చీ ఆమె వైపు తిప్పింది. బీలాన్ కూర్చుంది. లియెన్‌చూ తువ్వాలు కప్పి, షాంపూ వేసి, చాలాసేపు నురగ తీసింది. నేను వెళ్ళిపోదామని లేచాను గానీ, లియెన్‌చూ కళ్ళతోనే కూర్చోమంది.

"లాంతర్ల పిల్ల" అంది లియెన్‌చూ కాసేపటికి.

"ఎవరు?"

"రాణి సంగతి అడగడానికే కదా వచ్చావు. మాట్లాడని రాణి అనగానే ఎవరో నాకు తెలిసిపోయింది. పేరు చెప్తే నీకేమీ తెలియదు. మొదట్నుంచి చెప్తాను, విను. మధ్యలో తొందరపెట్టకు."

ఆ రోజు ఆమె చెప్పినంత బాగా ఆ భాగం ఎప్పుడూ చెప్పలేదు. మంచులో యున్‌హే నడక, లాంతర్ల వెలుగులో ఆ మూగపిల్ల వేళ్ళతో మాట్లాడటం, నీడ విప్పడం. నీడ విప్పే చోట ఆమె వేళ్ళు బీలాన్ నెత్తి మీద ఆగాయి. తర్వాత మెల్లగా, దుప్పటి పరిచినట్టు, నురగని వెనక్కి దువ్వాయి. సగం నీడతో ఆ పిల్ల కుంటుతూ పోయిందని చెప్పేసరికి బీలాన్ భుజాలు కదులుతున్నాయి. నురగ కంట్లో పడిందంది. లియెన్‌చూ చేతుల కింద నురగ కంట్లో పడదని ముగ్గురికీ తెలుసు.

"అందుకా కాళ్ళ మీద పడింది" అంది బీలాన్. "నేనేమో పడవ తాత కూతురని చెప్పాను. ఛీ."

లియెన్‌చూకి నవ్వు ఆగలేదు. బీలాన్ కూడా నవ్వింది. నవ్వుతూనే ఉన్నట్టుండి అడిగింది.

"హోంగ్ గారు పార్లర్ నీకెందుకు ఇచ్చిందో తెలుసా నీకు? నీ చెయ్యి నా చెయ్యి కంటే మెత్తన అని. నేను అలాగే అనుకుని ఇన్నేళ్ళూ మండిపోయాను. ఇప్పుడు నీ చేతి కింద కూర్చుంటే నిజమేననిపిస్తోంది."

"అందుకు కాదు. ఇచ్చిన రోజున నాతో చెప్పింది. బీలాన్‌ని ఎడారిలో వదిలినా అక్కడ నలుగురిని పోగుచేసి పార్లర్ పెట్టేస్తుంది, నువ్వు మాత్రం ఇది లేకపోతే ఎవరి కిందో పనిచేస్తూ ఉండిపోతావు అంది."

"ఈ మాట నాతో ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు తిన్నావా అని తప్ప ఏమైనా అడిగావా?"

బీలాన్ తల మీద నురగతోనే కుర్చీలో పక్కకి తిరిగి, లియెన్‌చూ నడుం మీద చేత్తో ఒకటి చరిచింది. లియెన్‌చూ తల పట్టుకుని మళ్ళీ ముందుకి తిప్పింది, కదిలితే మెడలోకి కారుతుందని కసిరింది. నేను టీ పెట్టాను.

తర్వాత ఏర్పాట్లు చకచకా జరిగిపోయాయి. బీలాన్ వాళ్ళు ఏడో సంపుటం దగ్గర ఆగి, మొదటి సంపుటం నుంచి వచ్చారు. వాళ్ళకి అందాకా కథ చెప్పడానికి లియెన్‌చూ ప్రతి మధ్యాహ్నం ఎదుటి పార్లర్‌కి వెళ్ళేది. ఆ సమయానికి మా తలలు బీలాన్ చేతికి వచ్చేవి. ఆమె చెయ్యి గట్టిది, కానీ జుట్టు ముడి తిప్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఇన్నాళ్ళూ ఆ సంగతి తెలుసుకోకుండా ఉన్నందుకు విచారించాం. అందరూ ఒక చోటికి చేరాక కలిసి ముందుకి నడిచాం. లియెన్‌చూ కథ చెప్పేది, దుర్మార్గుల మాటలు మాత్రం బీలాన్‌వి. నీడల వ్యాపారి గొంతు ఆమె తీస్తే సెంగ్ మెట్ల మీదనుంచి నేరుగా తిట్టేవాడు. ఏడో సంపుటంలో రాణి పాదాల దగ్గర యున్‌హే కూలబడే చోటు రెండోసారి వచ్చినప్పుడు ఎవరూ, ఎవరీవిడ అని అడగలేదు. డ్రయ్యర్లు ఆపి, ముక్కులు చీదుకున్నాం.

పన్నెండో సంపుటం మా చేతికి కొత్త సంవత్సరం ముందర వచ్చింది. పార్లర్లకి ఏడాదిలో అంతకంటే ఊపిరాడని రోజులు ఉండవు. ఊరంతా జుట్టు ఉంగరాలు తిప్పించుకునేది అప్పుడే. రెండు పార్లర్లూ నిండిపోయాయి. ఆఖరి భాగం ఎక్కడ చెప్పాలో తేలలేదు. ఒకచోట చెబితే రెండోచోట వాళ్ళు ఊరుకోరు. చివరికి హ్వీ తన దుకాణం మీద కప్పే నీలం టార్పాలిన్ విప్పుకొచ్చింది. సెంగ్ నిచ్చెన వేసి, దాన్ని ఈ పార్లర్ బోర్డు నుంచి ఆ పార్లర్ బోర్డుకి తాళ్ళతో బిగించాడు. సందుకి కప్పు పడింది. పైన వాన టపటపమంటోంది. కింద ప్లాస్టిక్ కుర్చీలు. వాటిల్లో ఉంగరాల మందు రాయించుకుని, నెత్తి నిండా రంగురంగుల ప్లాస్టిక్ చుట్టలు బిగించుకుని, మెడలో తువ్వాళ్ళతో, ఇరవై మంది దాకా ఆడవాళ్ళం. స్కూటర్ల మీద వచ్చినవాళ్ళు కాసేపు హారన్ కొట్టి, లాభం లేదని చుట్టూ తిరిగి వెళ్ళారు. టపా మనిషి మాత్రం బండి ఆపి, నాకూ కాస్త చోటివ్వండి అన్నాడు. ఖూ గారు తన దుకాణానికి తాళం వేసి వచ్చి వెనక నిలబడ్డాడు.

లియెన్‌చూ మొదలుపెట్టింది. రాతి గుమ్మాల్లో చివరిదాని దగ్గరికి యున్‌హే వెళ్ళింది. పడవ తాత ఒంటి చేత్తో తెడ్డు వేశాడు. వ్యాపారి కొన్న నీడలన్నీ గదుల్లో చుట్టలు చుట్టి ఉన్నాయి, బట్టల కొట్టులో తానుల్లాగా. యున్‌హే ఒక్కో తాను పట్టుకుని గుమ్మంలోనుంచి విసిరింది. అవి నది మీదుగా ఎగురుతూ ఎవరి మనిషిని వాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాయి. చివరికి తనది దొరికింది. కానీ దాన్ని తొడుక్కోవాలంటే లాంతర్ల పిల్ల ఇచ్చిన సగం వదలాలి. ఇక్కడిదాకా వచ్చి లియెన్‌చూ ఆగిపోయింది. పుస్తకం బీలాన్ చేతికి ఇచ్చింది.

"నువ్వు చదువు. నా వల్ల కాదు."

బీలాన్ చదివింది. ఉన్నది ఉన్నట్టే, బడి భాషలోనే, తడబడుతూ చదివింది. యున్‌హే తన నీడని కత్తెరతో రెండుగా కోసింది. ఒక సగం లాంతర్ల పిల్ల పాదాల దగ్గర కుట్టింది. రెండో సగం తన దగ్గర ఉంచుకుంది. ఇద్దరి నీడల్లోనూ ఇద్దరూ ఉన్నారు. తర్వాత యున్‌హేకి ఆకలి వేసింది. రాణిగారి వంటింట్లో ఏముందో చూడటానికి వెళ్ళింది. అంతే, పుస్తకం అయిపోయింది.

టార్పాలిన్ మీద వాన చప్పుడు వింటూ కూర్చున్నాం. హ్వీ గట్టిగా ముక్కు చీదింది. ఖూ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, తను చదివినప్పుడు ఇంత బాగా లేదని అన్నాడు. ఇంతలో సెంగ్ లోపలినుంచి వెదురు మొలకల పులుసు గిన్నెతో వచ్చి, జుట్టుకి మందు పెట్టి గంట దాటిందేమో చూసుకోండి అన్నాడు. లియెన్‌చూ, బీలాన్ ఇద్దరూ ఒకేసారి అయ్యో అని లేచారు. ఒకరు ఆ చివరినుంచి, ఒకరు ఈ చివరినుంచి, ఎవరి తల ఎవరిదని చూడకుండా, దొరికిన తల దొరికినట్టు చుట్టలు విప్పడం మొదలుపెట్టారు.

ఆ ఏడు కొత్త సంవత్సరానికి మా సందులో ఆడవాళ్ళందరి జుట్టూ కాస్త ఎక్కువగానే ఉంగరాలు తిరిగింది. బంధువులు వచ్చి ఇదేం సొగసు అని అడిగారు. మేము చెప్పలేదు. పులుసు మాత్రం కథ అయిపోయిన ఆ మధ్యాహ్నమే, టార్పాలిన్ కిందే, గిన్నె అడుగు కనపడేదాకా తాగాం.